పులి తిరిగిన తోటకి స్కోపు ఎంచిన రోజులు

స్కోపు కొనడానికి వచ్చినవాడు మొదట అడిగేది ఒకటే: "ఎంత పెద్దగా చూపిస్తుంది?" తుపాకులు బాగుచేసే దుకాణంలో నా జీవితమంతా గడిచింది. ఆ మాట అడగనివాడు నాకు అరుదుగా తగిలాడు. అసలు అడగవలసింది వేరే. తెల్లవారే మసక వెలుతురులో ఏం చూపిస్తుంది? జోరు వాన వెలిసిన తర్వాత ఏం చూపిస్తుంది? లారీలో కుదుపులు తిన్నాక కూడా నిన్న కొట్టినచోటే ఇవాళా కొడుతుందా?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు, తక్కువ ఖర్చులో దూరపు వేటకి పనికొచ్చే స్కోపు ఎలా ఎంచాలో రాసిపెట్టమన్నారు. వాళ్ళకి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం కొంచెం కష్టం. అందుకని తేలికగానే రాస్తున్నాను. లైసెన్సుల సంగతులు, జీతాలు పెరిగిన సంగతులు ఇందులో ఉండవు. ఒక పులి, ఒక స్కోపు, ఆ రోజుల్లో మేం పడ్డ భయం, ఇవే ఉంటాయి.

స్కోపంటే తుపాకీ గొట్టం పైన బిగించే చిన్న దుర్భిణి. లోపల ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఎక్కడ నిలిస్తే గుండు అక్కడికి పోవాలి. అంతే. ఆ 'పోవాలి' అన్న మాట నిలబెట్టడమే మా పని.

మా తౌకే

దుకాణం మలయ్ దేశంలో, ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊళ్ళో ఉండేది. యజమాని చీనా ఆయన. అందరూ తౌకే అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను సుంగై సుమున్ వైపు తోటల్లో పుట్టినవాణ్ణి, పేరు సింహాద్రి. తౌకే నాతో సగం తమిళం, సగం మలయ్ కలిపి మాట్లాడేవాడు.

కమ్యూనిస్టులు అడవి పట్టి తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద తిరగబడ్డ రోజులు, ఎమర్జెన్సీ అనేవారు. అది వచ్చాక తుపాకుల దుకాణంలో పనంటే నోట్లో తడి ఆరిపోయే పని. అడవిలో ఉన్నవాళ్ళకి తుపాకులు కావాలి. పోలీసులకి ప్రతి గుండూ ఎక్కడికి పోయిందో తెలియాలి. అనుమతి లేని తుపాకీతో దొరికితే ఉరి. తెలియని మనిషి గుమ్మంలో నిలబడితే తౌకే చేతులు బల్ల మీద కనపడేలా పెట్టి కదలకుండా కూర్చునేవాడు. నేను వెనక గదిలో ఆకురాయి ఆపి వినేవాణ్ణి. వచ్చినవాడు ఎవరో తెలిసేదాకా మళ్ళీ పని మొదలుపెట్టేవాణ్ణి కాదు.

ఆయన పిసినారి, కోపిష్టి. బాగా చేశావని ఒక్కసారీ అనలేదు. కానీ స్కోపులు పరీక్షించడం నేర్పింది ఆయనే. కొత్త స్కోపు వస్తే తడిగుడ్డతో పాటు రేకుడబ్బాలో పెట్టి మూతవేసి, కొన్నాళ్ళు ఎండలోనూ నీడలోనూ మార్చి పెట్టేవాడు. తీసి చూస్తే లోపలి అద్దం మీద ఆవిరి పట్టిందా, దాని పని అయిపోయినట్టే. మన దేశపు గాలిలో తడి ఎక్కువ. లోపలికి చెమ్మ వెళ్ళిందంటే కొన్నాళ్ళకి అద్దం మీద సాలెగూడులా బూజు పడుతుంది.

చిన్నదొర కొన్న మెరిసే సరుకు

కొండల పక్క ఒక రబ్బరు తోట ఉండేది. మా అప్ప, అంటే అక్క, పైడమ్మ అక్కడే రబ్బరు పాలు తీసేది. బావ సన్యాసి ఎమర్జెన్సీ మొదలయ్యాక అదే తోటలో స్పెషల్ కానిస్టేబుల్ అయ్యాడు. ఆ తోట చిన్నదొర, అంటే మేనేజరు కింద పనిచేసే తెల్లకుర్రాడు, ఒక రోజు సింగపూర్లో కొన్న స్కోపు పట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. మూర పొడుగు, నల్లగా నిగనిగ. చుక్కల్ని చూసే దుర్భిణి అంత పెద్దగా చూపిస్తుంది. కుర్రాడు మురిసిపోతున్నాడు.

తౌకే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివర మూత దగ్గర సందు ఉంది. నాకూ కనపడింది. ఆయన ఏమీ అనకుండా బిగించమని నాకు ఇచ్చాడు. కుర్రాడు వెళ్ళాక అడిగితే, "మనం అమ్మింది కాదు. బిగించమన్నాడు, బిగించాం" అన్నాడు.

తౌకే చేసిన తప్పుల్లో ఇదే పెద్దదని ఇప్పటికీ అంటాను. చెప్పవలసిన మాట చెప్పకపోవడం మన వృత్తిలో చిన్న విషయం కాదు.

కొద్ది వారాలకే చిన్నదొర తోట అంచున తెల్లవారుజామున అడవిపందుల కోసం కాపు కాశాడు. వచ్చింది పంది కాదు, పులి. అద్దం లోపల ఆవిరి పట్టింది. అంత పెద్దగా చూపించే స్కోపులో చెయ్యి వణికితే దృశ్యమంతా ఊగిపోతుంది. ఆ ఊగులాటలోనే కాల్చాడు. గుండు ముందుకాలికి తగిలింది. పులి అడవిలోకి కుంటుకుంటూ పోయింది.

కుంటిపులి జింకని పట్టలేదు. మనిషిని పట్టగలదు. ముందు ఒక తమిళ పెద్దాయన్ని పట్టుకుపోయింది. తర్వాత పాలబకెట్టు మోసుకొస్తున్న ఒక ఆడమనిషిని. తోటలో ఎవరూ పులి అన్న మాట నోటితో అనడం మానేశారు. "పెద్దోడు" అనేవారు, అదీ గొంతు తగ్గించి.

అంత దూరం నుంచే ఎందుకు కొట్టాలి

మామూలు రోజులైతే వేటగాళ్ళు అడవిలోకి వెళ్ళి, చచ్చిన జంతువు పక్కన మంచె కట్టుకుని కూర్చుంటారు. ఆ రోజుల్లో అడవిలో కూర్చోవడం ఎవరి వల్ల? అడవిలోవాళ్ళు కాలుస్తారు, లేదంటే వాళ్ళనుకుని సైన్యం కాలుస్తుంది. కూలీల లైన్ల, అంటే వరస ఇళ్ళ, చుట్టూ ముళ్ళకంచె వేశారు. కంచె అవతల నడుమెత్తు పెరిగే లాలాంగ్ గడ్డి, దాని అవతల వాగు, వాగు దాటితే అడవి. పెద్దోడు తెల్లవారుతుండగా వాగు దాటి వస్తున్నాడని అడుగుజాడలు చెబుతున్నాయి. కంచె లోపల ఎత్తుగా ఉన్నది నీళ్ళ ట్యాంకు ఒక్కటే. అక్కడి నుంచి వాగు మూడువందల గజాలకు తక్కువ ఉండదు.

పెద్దదొర, అంటే మేనేజరు, దుకాణానికి వచ్చాడు. వయసు మళ్ళినవాడు, ముక్కుసూటి మనిషి. ఆయన దగ్గర మంచి రైఫిలుంది, స్కోపు లేదు. "కంపెనీ కంచెకీ కాపలాకీ తప్ప దేనికీ ఇవ్వదు. నా చేతిది పెట్టుకోవాలి. తక్కువలో చూడండి. కానీ గురి తప్పితే అది ఇంకొకర్ని తింటుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన టోపీ చేతుల్లో నలిగిపోతోంది. పులిని కాల్చేది మా బావేనని కూడా చెప్పాడు. ఆ తోటలో బావకి మించిన గురి ఎవరికీ లేదు.

తౌకే మూడు స్కోపులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దగా చూపించేది, చిన్నదొర దానికి తమ్ముడి లాంటిది. రెండోది యుద్ధం తర్వాత మిగిలిన సైన్యం సరుకు. గట్టిదే, కానీ లోపల అప్పటికే బూజు. మూడోది పాతది, పొట్టిది, పైన రంగు పోయి ఇనుము తేలింది. నాలుగింతలే చూపిస్తుంది. గుర్తు కూడా సన్న గీతలు కాదు, కింద నుంచి పైకి లేచిన లావాటి ముల్లు.

నేను మూడోదే తీశాను. ఈ నాలుగు ముక్కలు మాత్రం గుర్తుపెట్టుకోండి. డబ్బు తక్కువైతే 'పెద్దగా చూపించడం' వదిలేయండి, అద్దం వదలొద్దు. తిప్పే పిడులు ఎన్ని తక్కువైతే చెడిపోయేవి అన్ని తక్కువ. సన్న గీత మధ్యాహ్నం అందంగా ఉంటుంది, మసకలో కనపడదు. ముల్లు కనపడుతుంది. ఆఖరి సంగతి, స్కోపు మీద మిగిలిన డబ్బు బిగించే పట్టీల మీద పెట్టండి. పట్టీ వదులైతే ఎంత గొప్ప స్కోపైనా అబద్ధాలు చెబుతుంది.

పెద్దదొర ఆ గీతలుపడ్డ గొట్టం వైపు అనుమానంగా చూశాడు. తౌకే అప్పుడు మొదటిసారి నా మాటకి తన మాట కలిపాడు. "ఇదే" అన్నాడు. ఆ రెండు చావులూ ఆయన మనసులో ఉన్నాయని నాకర్థమైంది.

దారిలో

బిగించడానికి నేనే తోటకి వెళ్ళాలి. బస్సెక్కాను. స్కోపు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. పెద్దదొర ఇచ్చిన చీటీ జేబులో ఉన్నా, దారి పొడుగునా సంచి ఒళ్ళోంచి కింద పెట్టలేదు. అడవిలోవాళ్ళు బస్సు ఆపితే ఇది వాళ్ళకి వరం. పోలీసులు ఆపితే నేను అడవిలోవాళ్ళకి మోసుకెళ్తున్నాననుకుంటారు.

ఆపింది పోలీసులే. అందర్నీ దింపి ఎండలో నిలబెట్టారు. ఒక మలయ్ కార్పొరల్ సంచిలో చెయ్యి పెట్టి గుడ్డ విప్పాడు. చుట్టుపక్కల అందరూ నా నుంచి ఒకడుగు దూరం జరిగారు.

"ఎవరికిది?"

"తోటలో పులికండీ" అన్నాను. మాట సరిగ్గా రాలేదు. పులికి స్కోపిస్తున్నానన్నట్టు వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు. స్కోపు కంటికి పెట్టుకుని రోడ్డు చివరి చెట్లవైపు చూసి, "తెరాంగ్" అన్నాడు, స్పష్టంగా ఉందని. పక్కవాడికి చూపించబోయాడు. చేతుల మధ్య నుంచి జారి తారురోడ్డు మీద ఠంగుమని పడింది. నా ప్రాణం దానితో పాటే పడింది. కార్పొరల్ తీసి దుమ్ము తుడిచి, తప్పుచేసినవాడిలా నా చేతిలో పెట్టి వెళ్ళమన్నాడు.

అప్ప ఇంట్లో

లైన్లలో అప్ప ఇంటికి చేరగానే నేను పొయ్యి మీద గోరువెచ్చని నీళ్ళు పెట్టమన్నాను. స్కోపుని వాటిలో ముంచి కూర్చున్నాను.

"ఏటిరా అది? కూర వండుతున్నావేటి?" అంది అప్ప.

"బుడగలొస్తే లోపలికి సందున్నట్టు. రాకపోతే బాగున్నట్టు."

అప్పా నా పక్కన చతికిలబడి గిన్నెలోకి చూసింది. బుడగ ఒక్కటీ రాలేదు. అప్ప లేవలేదు. "నా సెట్లు వాగు పక్క వరసలోనే ఉన్నాయి సింహాద్రీ" అంది నెమ్మదిగా. "పొద్దున్నే ఎల్లినప్పుడు రేకు వాయించుకుంటా ఎల్తాను. రేకు సప్పుడుకి పెద్దోడు పోతాడో, ఇక్కడున్నానని తెలుసుకొని వస్తాడో, ఎవరు సెప్పగలరు?"

నేను స్కోపు నీళ్ళలోంచి తీసి, తుడిచి గుడ్డలో చుట్టాను.

మర్నాడు పెద్దదొర సైన్యానికీ పోలీసులకీ ముందుగా కబురుచేసి, గుట్టకి ఎదురుగా గురి చూసుకోనిచ్చాడు. బావ కాల్చాడు, నేను సరిచేశాను. గురి కుదిరాక చెక్కసుత్తితో రైఫిలు కర్రని గట్టిగా కొట్టి మళ్ళీ కాల్చమన్నాను. రెండో గుండు మొదటిదాని పక్కనే పడింది. మీరూ ఎప్పుడూ ఇలాగే చేయండి. దెబ్బ తినకముందు బాగున్న స్కోపు బాగున్నట్టు కాదు.

ట్యాంకు మీద

స్కోపుకి ఏమైనా అయితే పక్కన ఉండాలని నన్నూ ట్యాంకు ఎక్కించారు. తూర్పు తెల్లబడేవేళకి బావ బోర్లా పడుకుని రైఫిలు ఇసకసంచి మీద ఆనించాడు. నేను పక్కన. కింద వాగు మీద మంచు తెరలా ఉంది. రెండు పొద్దులు ఏమీ రాలేదు.

మూడో పొద్దున గడ్డి కదిలింది. కంచెకీ వాగుకీ మధ్య, గోధుమరంగుది, నేలకి ఆనుకుని, ఆగి ఆగి కదులుతోంది. అది కంచె వైపు నుంచి వాగు వైపు పోతోంది. అంటే అప్పటికే ఎవరినైనా పట్టుకుందా? బావ వేలు ట్రిగ్గరు మీదకి వెళ్ళింది. మామూలు కంటికి అది పులి. నేను ఒట్టేసి చెప్పగలను, అది పులే.

బావ వేలు ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. చెంప మీద చెమట కారింది.

"గాజులు" అన్నాడు.

"ఏటి బావా?"

"సేతికి గాజులున్నాయిరా. లచ్చమ్మొదిన."

గోనెసంచి నెత్తిమీంచి కప్పుకుని పాకుతోంది. లచ్చమ్మ అదే లైన్లో ఉండే మనిషి. ఆమె భర్త ఎర్రయ్య ఎమర్జెన్సీ మొదట్లోనే అడవిలోకి పోయాడు. బావా ఎర్రయ్యా ఒకే లైన్లో పుట్టి, ఒకే బంతి ఆడి పెరిగినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళావిడ అతనికి అన్నం మోసుకెళ్తోంది. అడవిలోవాళ్ళకి గుప్పెడు బియ్యం ఇచ్చినా జైలే. చూసి చెప్పకపోయిన కానిస్టేబులుకీ అంతే.

ఆమె పాకుతున్నది సరిగ్గా పెద్దోడు దాటే చోటు.

కేక వేస్తే సైన్యం వస్తుంది. పులి వచ్చినప్పుడు కాలిస్తే సైన్యం వస్తుంది. కాల్చకపోతే ఆమె ఉండదు. మేం చేయగలిగింది ఒక్కటే. బావ స్కోపు ఆమె మీంచి తీసి వాగు అవతలి ఒడ్డు మీద పెట్టి అటూ ఇటూ వెతుకుతూ ఉండిపోయాడు. "రాకు, రాకు, ఇవాళ రాకు" అని పెదవులతో గొణుగుతున్నాడు. పులి కోసం ఎక్కిన ట్యాంకు మీద ఇద్దరం పులి రావద్దని దండం పెట్టుకున్నాం. ఆమె వాగు దాటి అవతలి ఒడ్డున మూట పెట్టింది. కాసేపు అక్కడే కూర్చుంది. మళ్ళీ పాకుతూ వచ్చి, మురుగుకాలవ దగ్గర కంచె కింద నుంచి లోపలికి దూరింది.

బావ రైఫిలు మీద తల ఆనించి వాంతి చేసుకున్నాడు.

కిందకి దిగాక పెద్దదొరతో, "పెద్దోడు రాలేదండీ" అన్నాడు.

తర్వాత

ఆ రోజే బావ, నేను లచ్చమ్మ గడపలోకి వెళ్ళాం. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"వదినా, ట్యాంకు మీంచి వాగు దాకా అంతా కనపడతాది" అన్నాడు బావ. "గడ్డిలో సేతి గాజు కూడా కనపడతాది."

చేట ఆగింది. "ఎవరెవరికి కనపడింది?"

"మా ఇద్దరికే. రేపు ట్యాంకు మీద ఇంకొకడుంటాడేమో. ఇంకెల్లకు వదినా. నీ కాళ్ళకి దండమెడతాను."

ఆమె ఏడవలేదు. "ఆకలితో ఉంటాడు సన్యాసీ" అంది. అంతే.

బావ ఆ పొద్దే మురుగుకాలవ దగ్గర కంచె కింద రాళ్ళు పేర్చి, తీగ బిగించి మూసేశాడు. స్నేహితుడికి అన్నం పోయే దారి తన చేత్తోనే మూశాడు. నేను రాళ్ళందించాను.

పెద్దోడు ఆ వారంలోనే వచ్చాడు. వాన వెలిసిన పొద్దు, అద్దం మీద చినుకు తుడిచి బావకిచ్చాను. లోపల కన్నీటిచుక్కంత ఆవిరి కూడా లేదు. పులి వాగు దాటి ఒడ్డెక్కి ఆగింది. ఒక్క గుండు. కూలబడి లేవలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎముకలు తేలి ఉంది, ముందుకాలు కుళ్ళి పురుగులు పట్టింది. చుట్టూ జనం డప్పులు కొడుతున్నారు. అప్ప ఏడుస్తోంది. చిన్నదొర ఆ కాలు వైపు చూసి పక్కకి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి తన దేశం పోయాడు. తౌకేకి ఈ సంగతి చెప్పాను. ఆ తర్వాత సందున్న స్కోపు ఎవరు తెచ్చినా, తను అమ్మినా అమ్మకపోయినా, బిగించకుండా మొహం మీదే చెప్పి పంపేవాడు. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అయినా ఆయన ఆ పద్ధతి మార్చలేదు.

మెర్డెకా రోజున, అంటే ఈ దేశానికి స్వతంత్రం వచ్చిన రోజున, అప్ప దగ్గరికి వెళ్ళాను. తోట మైదానంలో జెండా, రేడియో చుట్టూ జనం. లచ్చమ్మ కొత్త చీర కట్టుకుంది. "ఇంక అందరూ బయటికొచ్చేస్తారు" అని అందరికీ చెబుతోంది. నిజంగానే ఆ తర్వాత చాలామంది లొంగిపోయి వచ్చారు. లారీ వచ్చినప్పుడల్లా ఆమె రోడ్డు పక్కన నిలబడేది. ఎర్రయ్య రాలేదు. బతికున్నాడని గానీ పోయాడని గానీ ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం అప్ప ఇంటి అరుగు మీద టీ తాగుతున్నాం. బావ అప్పటికి కానిస్టేబులు పని మానేశాడు. లచ్చమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. చేతి గాజులు సర్దుకుంటూ అడిగింది.

"సన్యాసీ, ఆ పొద్దు నీ అద్దంలో నన్ను సూసినావు గదా. అవతల ఆయన్ని గానీ సూసినావేటి?"

బావ గ్లాసు కింద పెట్టాడు. "సూసినాను వదినా. సెట్టు ఎనకాల నిలబడినాడు. నువ్వు తిరిగి కంచె దూరేదాకా నిన్నే సూస్తా ఉన్నాడు."

"సిక్కిపోనాడా?"

"నేదు. బాగానే ఉన్నాడు. గెడ్డం పెంచినాడు."

లచ్చమ్మ మొహం విప్పారింది. "ఆయనకి గెడ్డం బాగోదు. ఎన్నిసార్లు సెప్పినానో" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ స్కోపు సంగతి నాకు తెలుసు. నేను ఎంచినది, నేను బిగించినది. తెల్లవారని ఆ వెలుతురులో, వాగు అవతల చెట్ల కింద అది చూపించగలిగింది చీకటి ఒక్కటే.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వూ పక్కనే ఉన్నావు గదా సింహాద్రీ?"

"ఉన్నాను వదినా" అన్నాను. "బావ అప్పుడే నాకు సెప్పినాడు, అదిగో ఎర్రయ్య అని."